బురదకూ ఒక నెల విశ్రాంతి



చేపల చెరువు అనగానే మనలో చాలామందికి గుర్తొచ్చేది నీరు. ఎండలో మెరిసే నీరు, గట్టుమీద కొబ్బరిచెట్లు, కర్రలకు వేలాడే మేత సంచులు, ఐసు నింపుకొని కలకత్తా వైపు బయలుదేరే లారీలు. అయితే చెరువు మంచిచెడ్డలు తేల్చేది నీరొక్కటే కాదు, నీటి కిందనున్న బురద కూడా. నీటిని తూము ఎత్తి మార్చుకోవచ్చు. బురద ఏళ్ల తరబడి అక్కడే ఉంటుంది. చేపలు తినగా మిగిలిన మేత, వాటి మలం, చచ్చిన నాచు, కోళ్ల ఎరువు, మనం పోసిన మందులు, ఎగువ ఊళ్లనుంచి కాలువ మోసుకొచ్చినవి, అన్నీ అక్కడికే చేరతాయి.

ఆ బురదను గురించే ఈసారి మీతో నాలుగు మాటలు పంచుకోవాలని కలం పట్టాను. ఎందుకంటే దానిమీద మా ఇంట్లోనే పెద్ద చర్చ నడిచింది. అందులో నా తమ్ముడి అప్పు ఉంది, మేనల్లుడి చదువు ఉంది, ఎనభై దాటిన మా అమ్మ పెరట్లోని గోంగూర మడి కూడా ఉంది.

నేను విజయవాడలో ముప్పై ఏళ్లు హైస్కూలు పిల్లలకు సైన్సు చెప్పి రిటైరయ్యాను. నా పుట్టిల్లు కైకలూరు దగ్గర ఒక పల్లె. 2022 వరకు అది కృష్ణా జిల్లా, ఆ తరువాత ఏలూరు జిల్లాలో కలిసింది. జిల్లా పేరు మారినా మా ఊరి బతుకు కొల్లేటితోనే ముడిపడి ఉంది. నా చిన్నతనంలో మా చుట్టూ వరిచేలే. 1970లలో కొల్లేటిలో చేపల చెరువులు మొదలయ్యాయి. ఆ తరువాత ఒకరిని చూసి ఒకరు చేలు తవ్వి గట్లు పోశారు. 1999లో కొల్లేటిని అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో అది రామ్‌సార్ జాబితాకెక్కింది. 2006లో సరస్సు లోపలి చెరువుల గట్లను ప్రభుత్వమే కొట్టించింది. అయినా సరస్సు చుట్టుపక్కల మండలాల్లో చేపల సాగు ఆగలేదు. నా తమ్ముడు కూడా రెండు చెరువులు లీజుకు తీసుకొని శీలావతి, బొచ్చె పెంచుతున్నాడు.

మా ఊరి బురదలోకి ఏమేమి వస్తాయో తెలియాలంటే నీరు ఎక్కడినుంచి వస్తుందో చూడాలి. ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ నీరు ఏలూరు కాలువ, రైవస్ కాలువ, బందరు కాలువగా విడిపోయి విజయవాడ ఇళ్ల మధ్యనుంచే డెల్టాలోకి దిగుతుంది. నగరం వాడి వదిలిన మురుగులో కొంత ఆ నీటిలోనే కలుస్తుంది. ఇంకోవైపు బుడమేరు. 2024 సెప్టెంబరు మొదటి రోజుల్లో అది పొంగి సింగ్‌నగర్‌ను ముంచెత్తిన సంగతి మీరెవరూ మరచిపోయి ఉండరు. వీధుల్లో నిలిచిన ఆ నీటిమీద తేలే నూనె జిడ్డును నేను కళ్లారా చూశాను. బుడమేరు చివరికి చేరేది కొల్లేటికే. నగరంలో మనం కాలువలోకి విసిరినది కొల్లేటి పక్కనున్నవారి అన్నంలోకి రావడానికి ఎంతో దూరం లేదు.

ఈ భయం ఊహ కాదు. 2019 జనవరిలో బీహారు ప్రభుత్వం పట్నాలో ఆంధ్ర చేపల అమ్మకాన్ని 15 రోజులు నిలిపివేసినప్పుడు ఫార్మలిన్‌తోబాటు సీసం, కాడ్మియం మాట కూడా వినిపించింది. 2020 డిసెంబరులో ఏలూరులో వందలమంది ఉన్నట్టుండి మూర్ఛపోయి ఆసుపత్రి పాలయ్యారు. మొదట వారి రక్తంలో సీసం, నికెల్ కనిపించాయని ఢిల్లీ ఎయిమ్స్ వారు చెప్పారు. ఆ తరువాత పరిశీలన పురుగుమందుల వైపు తిరిగింది. ఆ వారమంతా మా అమ్మ మంచినీళ్ల బిందెకేసి అనుమానంగా చూస్తూనే గడిపింది.

ఇలాంటి రోజుల్లోనే మా తమ్ముడి పెద్ద చెరువు మొరాయించింది. రెండు పంటలుగా చేప ఎదగలేదు. అడుగున కర్ర గుచ్చితే బుడగలు లేచి కుళ్లిన కోడిగుడ్డు వాసన కొట్టేది. మబ్బు పట్టిన ఉదయాన చేపలు పైకొచ్చి నోళ్లు తెరిచేవి. మేతకు తెచ్చిన అప్పు పెరుగుతోంది. అప్పుడొక అమ్మకందారు మోటారు సైకిలుమీద వచ్చి ఒక సీసా చూపించాడు. ఆకుల రసంతో చేసిన నానో మందట. ఎకరాకు ఇన్ని లీటర్లు పోస్తే బురదలోని విషం విరిగిపోతుందట, చెరువు ఎండగట్టే పనే లేదట. 2021లో నానో యూరియా వచ్చింది మొదలు నానో అన్న మాట మా రైతులకు కొత్త కాదు. ఆకులతో చేసిందంటే ఇక అనుమానం దేనికి? తమ్ముడు దాదాపు ఒప్పుకున్నాడు. ఎందుకైనా మంచిదని నాకు ఫోను చేశాడు.

“అక్కయ్యా, నువ్వు చదువుకున్నదానివి, నీ మేనల్లుడు కూడా అదేదో చదువుతున్నాడు కదా. మీరిద్దరూ ఒక మాట చెప్పండి, పోయమంటే పోస్తాను” అన్నాడు.

మేనల్లుడు ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదువుతున్నాడు. వాడికి ఈ సంగతిమీద మహా ఉత్సాహం. “అత్తయ్యా, అది అబద్ధం కాదు. ఆకులతో లోహపు రేణువులు చేయడం నిజంగానే ఉంది” అన్నాడు. వాడు చెప్పింది, నేను చదివి తెలుసుకున్నది కలిపి ఇక్కడ సులువుగా చెబుతాను.

నానోమీటరు అంటే మీటరులో వందకోట్లవ వంతు. మన తలవెంట్రుక మందమే ఎనభైవేల నానోమీటర్లదాకా ఉంటుంది. అంత చిన్న రేణువుతో లాభమేమిటంటే, ముక్క చిన్నదయ్యేకొద్దీ దాని పైతలం పెరుగుతుంది. పటికబెల్లం ముక్కకన్నా దాని పొడి త్వరగా కరగడం మనం వంటింట్లో చూస్తూనే ఉంటాం. ఒక సెంటీమీటరు ఇనుప ఘనాన్ని పది నానోమీటర్ల ముక్కలుగా కోయగలిగితే, ఆ ముక్కల పైతలమంతా కలిపి 600 చదరపు మీటర్లు అవుతుంది. అంటే దాదాపు 15 సెంట్ల స్థలం! విషపు లోహం వచ్చి అంటుకోవడానికి అంత చోటు దొరుకుతుందన్నమాట.

ఇక ఇనుమే ఎందుకు? పదో తరగతి పిల్లలచేత నేను ఏటా చేయించిన ప్రయోగం ఒకటుంది. మైలతుత్తం కలిపిన నీలిరంగు నీళ్లలో ఇనుప మేకు వేస్తే, కాసేపటికి మేకుమీద ఎర్రని రాగి పూత పడుతుంది. ఇనుము తాను కరుగుతూ నీటిలోని రాగిని బయటికి లాగుతుంది. ఇలాగే ఇనుప రేణువులు విషపూరితమైన ఒక రకం క్రోమియాన్ని అంత హాని లేని రకంగా మార్చగలవు. తుప్పు పట్టిన ఇనుము ఆర్సెనిక్‌ను పట్టి ఉంచగలదు. అమెరికాలో 1990ల చివరినుంచే భూగర్భజలాల శుద్ధికి నానో ఇనుమును పరీక్షిస్తూ వచ్చారు. అయితే దాన్ని తయారు చేయడానికి వాడే రసాయనం ఖరీదైనది, ప్రమాదకరమైనది కూడా. అందుకే శాస్త్రజ్ఞుల చూపు మొక్కలమీద పడింది. 2002లో టెక్సాస్‌లో లూసర్న్ గడ్డి మొక్కలలోనే బంగారు నానోరేణువులు ఏర్పడటం చూశారు. మన పూణేలోని జాతీయ రసాయన ప్రయోగశాలలో మురళీ శాస్త్రి బృందంవారు 2003లో జెరేనియం ఆకులతో బంగారు రేణువులను, 2004లో వేపాకు కషాయంతో బంగారు, వెండి రేణువులను చేసి చూపించారు. ఆ తరువాత తేయాకు రసంతో ఇనుప రేణువులు వచ్చాయి. ఆకులోని వగరు పదార్థాలే లోహపు లవణాన్ని రేణువుగా మారుస్తాయి, ఆ రేణువులు ముద్దకట్టకుండా చుట్టూ పొరగా కూడా నిలుస్తాయి.

ఇది వినగానే నాకు పెడన గుర్తొచ్చింది. మన కలంకారీ పనివారు కరక్కాయ నీటిలో గుడ్డ నానబెడతారు. పాత ఇనుప ముక్కలను బెల్లం నీళ్లలో ఊరబెట్టిన ద్రవంతో దానిమీద అచ్చు వేస్తారు. వేసిన చోట నల్లని నలుపు తేలుతుంది. మన తాతల కాలంలో కరక్కాయ, అన్నభేది కలిపి సిరా కాచిందీ ఇదే సూత్రంమీద. మొక్క వగరు, ఇనుము కలిస్తే నలుపు. మేనల్లుడు తేయాకు డికాక్షనులో అన్నభేది నీళ్లు పోసినప్పుడూ గాజుగ్లాసులో అదే నలుపు.

“మరి ఇది నిజమైన ఇనుప రేణువా, లేక మన పాత సిరాయేనా?” అని వాడిని అడిగాను. వాడు నవ్వి, “అత్తయ్యా, ప్రపంచమంతా అదే వాదించుకుంటోంది” అన్నాడు. 2014లో చెక్ దేశపు పరిశోధకులు పరీక్షించి, తేయాకుతో చేసిన ఆ రేణువులు అచ్చమైన ఇనుము కావనీ, ఇనుమూ వగరూ పెనవేసుకున్న రేణువులనీ తేల్చారు. అంతేకాదు, నీటిలోని నాచుకూ, చేపలు తినే చిన్న జీవులకూ అవి హాని చేయగలవని కూడా చూపారు. ఆకుతో చేసినంత మాత్రాన మెత్తనిదని అనుకోవడానికి లేదు. గన్నేరు కూడా ఆకే కదా.

సీసాలో ఉన్నది వెండి రేణువులైతే సంగతి ఇంకా వేరు. వెండి సూక్ష్మజీవులను చంపుతుంది. అయితే చెరువులోని అమ్మోనియాను విరిచి చేపను బతికించేవి కూడా సూక్ష్మజీవులే. దొంగను తరమబోయి కాపలావాణ్ణి కొట్టినట్టవుతుంది. ఆ అమ్మకందారు సీసామీద ఏ లోహమో, ఎంతో, ఎక్కడ పరీక్షించారో ఒక్క అక్షరం లేదు.

తరువాత లెక్క చూశాం. ఎకరా చెరువులో పైనున్న 15 సెంటీమీటర్ల బురదను తీసుకుంటే సుమారు 600 ఘనపు మీటర్లు. ట్రాక్టరు ట్రక్కుకు మూడు ఘనపు మీటర్ల చొప్పున 200 ట్రక్కులు. తడిమీద అది ఏడెనిమిది వందల టన్నులు తూగుతుంది. టన్నుకు ఒక్క కిలో పొడి వేసినా ఎకరాకు ఏడెనిమిది వందల కిలోలు కావాలి. అన్ని ఆకులు ఎక్కడ కోస్తాం, ఆ వగరు నీళ్లు ఎక్కడ పారబోస్తాం? పరిశోధనలలో ఎక్కువ భాగం గాజుపాత్రలలో, కొద్ది గ్రాముల మట్టిమీద జరిగినవే. గాజుపాత్రనుంచి ఎకరాకు వచ్చేసరికి ఖర్చు మారిపోతుంది. ఇక నాలుగు లీటర్ల సీసా ఏపాటి?

మేనల్లుడు మాత్రం ఊరికే కాదనడానికి ఒప్పుకోలేదు. “చూడకుండా కాదంటే అదీ సైన్సు కాదు” అన్నాడు. ఆ మాట నాకు నచ్చింది. పెరట్లో మూడు ప్లాస్టిక్ తొట్లు పెట్టాడు. మూడింటిలోనూ అదే చెరువు బురద. ఒకదాన్ని అలాగే ఉంచాడు. రెండోదాన్ని పగుళ్లిచ్చేదాకా ఎండబెట్టి సున్నం చల్లాడు. మూడోదానిలో తేయాకు, ఇనుము కలిపిన నల్లని ద్రవం పోశాడు. ఆపైన అన్నిటిలో నీళ్లు నింపి చేపపిల్లలను వదిలాడు. రోజూ ఉదయం అమ్మే వాటికి కాపలా, కాకులు రాకుండా.

మూడో తొట్టిలో కుళ్లువాసన త్వరగానే తగ్గింది. ఇనుము ఆ వాసన గాలిని పట్టి బంధిస్తుంది గనుక అది ఎదురుచూసినదే. అయితే మొదటి రెండు రోజులు పిల్లలు పైకొచ్చి నోళ్లు తెరిచాయి. ఆ ద్రవం గాలితో కలిసేటప్పుడు నీటిలోని ప్రాణవాయువును తానే తాగేస్తుంది. చిన్న మోటారుతో గాలి కొడితే గాని అవి తేరుకోలేదు. రెండో తొట్టిలోనూ వాసన పోయింది, పిల్లలు మొదటినుంచీ హాయిగా తిరిగాయి. మొదటి తొట్టి సంగతి చెప్పనక్కరలేదు. మూడు తొట్లతో లోకానికి ఏదీ రుజువు కాదని వాడికీ తెలుసు, నాకూ తెలుసు. కానీ మా చెరువుకు తొందరపడి ఏం పోయకూడదో తెలుసుకోవడానికి అది చాలింది.

ఇంకొక పని కూడా చేశాం. బురదను అయిదారు చోట్లనుంచి తీసి కలిపి పరీక్షకు పంపాం. వచ్చిన కాగితం చూసి అందరం ఆశ్చర్యపోయాం. మేము నగరం పంపే సీసం గురించి భయపడితే, సీసం అంతగా లేదు. ఎక్కువున్నది రాగి. అది ఎక్కడిదో తమ్ముడే చెప్పాడు. నాచు పోవడానికి ఏళ్ల తరబడి చెరువులో మైలతుత్తం చల్లుతున్నారు. అతనికి ముందు లీజుకున్నవారూ చల్లారు. నాచు చచ్చింది, రాగి మాత్రం బురదలోనే మిగిలింది. లోహం కుళ్లదు, ఆవిరి కాదు, ఎండకు చావదు.

అప్పుడే అమ్మ గోంగూర మడి అందరికీ గుర్తొచ్చింది. ఏటా పట్టుబడి అయ్యాక చెరువులోని నల్లమట్టిని రెండు ట్రక్కులు ఇంటికి తోలించి పెరట్లో పోయడం మా ఇంటి అలవాటు. “ఆ మట్టి వేస్తేనేరా ఆకు నిగనిగలాడేది” అని అమ్మ వాదన. అది నిజమే, అందులో ఎరువు దండిగా ఉంది. కానీ మరొక సంగతి గమనించండి. నీటి కింద, గాలి తగలని నల్లబురదలో చాలా లోహాలు గంధకంతో కట్టుబడి కదలకుండా ఉంటాయి. దాన్ని తవ్వి గాలికి ఆరబోస్తే ఆ కట్టు వీడి కొంత లోహం విడుదల కావచ్చు. మట్టి పులిసినదైతే మరీను. చెరువులో నిద్రపోతున్నదాన్ని తెచ్చి కూరమడిలో లేపినట్టవుతుంది. లోహం కలిసిన బురదను ఎక్కడ పోయాలన్నది ఏ నానో పొడీ తప్పించలేని ప్రశ్న. పొడి లోహాన్ని పట్టుకుంటుందే గాని మాయం చేయదు. పట్టుకున్న పొడి కూడా ఆ బురదలోనే ఉంటుంది.

జపానులోని మినమాటా కథ మీలో కొందరు విని ఉంటారు. ఒక కర్మాగారం సముద్రంలోకి వదిలిన పాదరసం చేపల ద్వారా మనుషుల నరాలను తినేసింది. ఆ జబ్బును 1956లో గుర్తించారు. సముద్రపు అడుగు బురదను శుభ్రం చేసే పని 1977లో మొదలై 1990 వరకు సాగింది. అంత ధనిక దేశం, అంత విజ్ఞానం ఉండి వారు చేసిందేమిటి? విషపు బురదను తోడి, కట్ట కట్టిన ఒక మూలలో పోసి, పైన మంచి మట్టి కప్పారు. సుమారు 58 హెక్టార్ల నేల అలా ఏర్పడింది. పాదరసం ఇంకా ఆ నేల కిందే ఉంది. బురదను శుభ్రం చేయడమంటే చాలాసార్లు దాన్ని ఎక్కడ, ఎవరికి దూరంగా ఉంచాలో నిర్ణయించుకోవడమే.

ఇలా రాస్తున్నందుకు నానో విజ్ఞానాన్ని నేను చులకన చేస్తున్నానని అనుకోకండి. మద్రాసు ఐఐటీలో ప్రొఫెసర్ టి. ప్రదీప్ బృందం లోహపు నానోరేణువులతో నీటిలోని పురుగుమందులను తొలగించే ఫిల్టరును రూపొందిస్తే అది 2007లో బజారుకొచ్చింది. ఆర్సెనిక్‌ను పట్టే ఇనుప పదార్థాన్నీ వారే తయారు చేశారు. అక్కడ రేణువులు ఒక డబ్బాలో బంధించి ఉంటాయి. నీరు వాటి మీదుగా పోతుంది, అరిగిపోయాక డబ్బాను తీసేయవచ్చు. చెరువులో పోసిన రేణువును తిరిగి ఎవరు తీస్తారు? రేపు మా మేనల్లుడిలాంటి పిల్లలు అయస్కాంతంతో వెనక్కు తీసుకోగల ఆకు ఇనుమును చవకగా చేయవచ్చు. తవ్విన బురదను ఒక గుంటలో పోసి, అడుగున ఊటలేకుండా కట్టి, అక్కడ దాన్ని వాడవచ్చు. అలాంటి రోజు రావాలనే నా ఆశ. వాడిని కూడా మానవద్దనే చెప్పాను.

మరి తమ్ముడి చెరువు సంగతి? అందరం కూర్చొని మాట్లాడుకున్నప్పుడు అసలు ముడి అప్పుడు బయటపడింది. చెరువును ఎండగట్టాలని, నల్లమట్టి గోధుమరంగుకు తిరిగి పగుళ్లిచ్చేదాకా ఆగాలని, మట్టి పులుపు చూసి సున్నం వేయాలని అతనికి తెలియక కాదు. మా నాన్నగారి కాలంనుంచీ తెలిసినదే. గాలి, ఎండ తగిలితే కుళ్లు కరుగుతుంది, వాసన పోతుంది. సున్నం రాగిలాంటి లోహాలను కదలకుండా పట్టి ఉంచడానికి తోడ్పడుతుంది. దానికి మూడు నాలుగు వారాలు కావాలి.

“అక్కయ్యా, ఎండగడితే ఆ నెల చేప ఉండదు, కానీ లీజు ఆగదు, వడ్డీ ఆగదు. సీసా కొంటే ఆ నెల మిగులుతుంది. అందుకే కొంటున్నాం గాని, దానిమీద నమ్మకం ఉండి కాదు” అన్నాడు.

ఆ మాట నన్ను చాలా రోజులు వదలలేదు. మన బురదకు ముందుగా కావలసింది పొడి కాదు, విశ్రాంతి. ఆ విశ్రాంతికి ఒక ధర ఉంది. ఆ ధరంతా లీజుదారు నెత్తిమీదే పడుతోంది. నేలకు విశ్రాంతి అనే మాట మన కుటుంబాలకు కొత్తది కాదు, చిన్నప్పుడు సండేస్కూల్లోనే విన్నాం. అయితే ఆ విశ్రాంతి ఖర్చు ఎవరు భరించాలి అని మనం ఎప్పుడూ అడగలేదు.

తమ్ముడూ నేనూ కలిసి చెరువు యజమాని దగ్గరికి వెళ్లాం. పెద్దాయన విజయవాడలోనే ఉంటారు. పరీక్ష కాగితం ముందుపెట్టి, “అయ్యా, ఈ చెరువు మీది. మావాడు రేపు వదిలిపోయినా ఈ బురద మీకే మిగులుతుంది” అని చెప్పాను. ఆయన చాలాసేపు కాగితం చూశారు. నెల లీజంతా వదులుకోలేనని, సగం వదులుకుంటానని అన్నారు. మిగతా సగం తమ్ముడు భరించాడు. పదివేలు నేను సర్దాను. సీసా కొనలేదు. మైలతుత్తం మానేసి నాచును కూలీలచేత తీయించాడు, మేత కొంచెం తగ్గించాడు. చెరువు ఎండింది. ఎగబడి వచ్చిన కొంగలను చూస్తే జాతరలా ఉంది.

అమ్మ మడికి ఈసారి మెరకచేను మట్టి తోలాం. చెరువు నల్లమట్టిని తినే పంట ఏదీ లేని గట్టువైపు పోసి సున్నం కలిపాం. అమ్మకు ఇంకా కోపం తగ్గలేదు. “మీ చదువుల మూలాన గోంగూర ఎర్రబడింది” అని సాధిస్తూనే ఉంది. పచ్చడి మాత్రం నాకు సీసా నిండా పంపింది.

చెరువు పూర్తిగా బాగుపడిందని నేను చెప్పను. రాగి అక్కడే ఉంది. కొత్తది చేరడం మాత్రం ఆగింది. ఈ పంటలో చేప కాస్త ఎదిగింది, ఉదయాలు నోళ్లు తెరవడం తగ్గింది. మళ్లీ రెండేళ్లకు బురదను పరీక్షించాలని మేనల్లుడు తేదీ రాసి పెట్టుకున్నాడు.

చెరువులున్న మన కుటుంబాలకు నా మనవి ఇదే. ఎవరైనా సీసా తెచ్చి ఆకులతో చేసినదంటే, అందులో ఉన్న లోహం ఏదని అడగండి. టన్ను బురదకు ఎంత వేయాలో, చేపపిల్లలమీద, నత్తలమీద పరీక్షించిన కాగితం ఏదో అడగండి. వేశాక అది చివరికి ఎక్కడికి పోతుందో అడగండి. జవాబు లేకపోతే సీసా వద్దు. బురదను పరీక్షకు పంపే ముందు మత్స్యశాఖవారినో, పోరంకిలో ఉన్న కేంద్ర మంచినీటి చేపల పరిశోధన సంస్థ ప్రాంతీయ కేంద్రంవారినో కలిసి మట్టి ఎలా తీయాలో తెలుసుకోండి. తవ్విన మట్టిని కూరమళ్లకు తోలే ముందు ఒక్కసారి ఆగండి.

చెరువులు లీజుకిచ్చి పట్నాల్లో ఉంటున్నవారికి కూడా ఒక మాట. వచ్చే ఏడాది కాగితం రాసుకునేటప్పుడు పన్నెండు నెలలకు బదులు పదకొండు నెలల లీజు రాయండి. ఆ ఒక్క నెల చెరువును ఎండనివ్వండి. ఆ నెల డబ్బు మీకు పోయినట్టు కనిపిస్తుంది. నిజానికి మీ నేలను మీ మనవల కోసం బాగుచేసుకోవడానికి మీరు పెట్టిన ఖర్చు అది.